ఓరచూపు పలక

ఆవిడ ఒకసారి రేడియో కిరణాన్ని రంపంతో నిలువునా కోయించి, అందులో ఒక ముక్క తెచ్చి వంటింట్లో పెట్టించింది. ఇప్పటికీ ఆ ఇంట్లో దానిమీదే ఉల్లిపాయలు తరుగుతారు. గాల్లో పోయే కిరణం మీద ఉల్లిపాయలు ఎలా తరుగుతారని అడక్కండి. తరిగారు, కూర కూడా బాగానే కుదిరింది.

సరే, కాస్త వెనక్కి తగ్గుదాం. కోసింది కిరణాన్ని కాదు, కిరణాన్ని పంపే పలకని. రంపం పట్టింది ఆవిడ కాదు, ఆవిడ బావ. కోయించింది అనడం కూడా అన్యాయమే, ఎందుకంటే ఆవిడకి తెలిసేసరికి కోత పూర్తయి పొట్టు కూడా ఊడ్చేశారు. ఉల్లిపాయల సంగతి మాత్రం అక్షరాలా నిజం. దాన్లో ఒక్క ముక్క కూడా వెనక్కి తీసుకునే పని లేదు.

ఆవిడకి పుట్టుకతోనే కాస్త మెల్ల. ఎడమ కన్ను ఎదుటివాళ్ళని చూస్తుంటే కుడి కన్ను పక్కింటివాళ్ళని పలకరిస్తూ ఉంటుంది. అక్క పెళ్ళిలో, గౌను వేసుకుని అరుగు మీద కూర్చున్న ఈ చిన్నపిల్లని చూసి కొత్త పెళ్ళికొడుకు, "ఎవర్నమ్మా అలా చూస్తున్నావు?" అన్నాడు.

"నిన్నే."

"నా వెనక తలుపుందే, దాన్ని చూస్తున్నావేమో అనుకున్నాను."

"తలుపు కూడా కనిపిస్తోంది. దాని మీద నీ చొక్కా చిరిగి వేలాడుతోంది" అంది పిల్ల.

పెళ్ళికొడుకు వెనక్కి తిరిగి చూసుకున్నాడు. నిజంగానే చొక్కా తలుపు మేకుకి తగులుకుని వీపు దగ్గర జానెడు చిరిగింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల పేరు ఓరచూపు. బావా మరదళ్ళ తగువు కూడా ఆ రోజే మొదలైంది, ఇంకా తెగలేదు.

బావ వడ్రంగి. మంచి పనివాడే కాదు, మరీ మంచి పనివాడు, అదే చిక్కు. ఆయన చేతిలో పడ్డ వస్తువు ఏదైనా సరే, పట్టకపోతే పట్టేలా చెక్కుతాడు, వంకరుంటే తిన్నగా చేస్తాడు, పక్కకి ఉంటే నడిమికి జరుపుతాడు. ఒకసారి గోడ గడియారం తగిలించమంటే ముల్లు కాస్త వంగిందని తిన్నగా నొక్కాడు. గడియారం చూడ్డానికి చక్కగా ఉంది గానీ, ఆ తర్వాత ఎవరికీ సమయం చెప్పలేదు.

అక్క నర్సు. కొండవాలు మీద రెండు గదుల ఆస్పత్రి ఆమెది. ఒక గదిలో జ్వరాలు, దెబ్బలు, ఇంకో గదిలో కాన్పులు. చుట్టుపక్కల కొండల మీద పుట్టిన పిల్లల్లో సగంమంది మొట్టమొదట చూసిన మొహం అక్కదే. కొంచెం భయపడే ఉంటారు, అక్క అంత గట్టిగా మాట్లాడుతుంది.

ఓరచూపు మాత్రం చదువు పట్టుకుంది. డిప్లొమా చదివే రోజుల్లో ఒక మాస్టారు వాళ్ళ క్లాసుకి ఒక గాజుపలక తెచ్చి చూపించారు. మామూలు వెలుతురులో అది ఎవరో చెయ్యి తుడుచుకున్న అద్దంలా మసగ్గా ఉంది. ఎర్రటి లేజర్ వెలుగు పడగానే దాని వెనకాల, ఖాళీ గాల్లో, ఒక తాళంకప్ప తేలింది. తల పక్కకి వంచితే తాళం పక్క వైపు కూడా కనిపిస్తోంది. పిల్లలు చెయ్యి పెట్టి తడుముకున్నారు, అక్కడేమీ లేదు. అది హోలోగ్రాం. అంతకంటే వింత ఇంకొకటి ఉంది. మాస్టారి దగ్గర అలాంటిదే పగిలిపోయిన పలక ఒకటి ఉంటే, దాని పెంకులు ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి ఇచ్చారు. ప్రతి పెంకులోనూ మొత్తం తాళం ఉంది. ముక్క తాళం కాదు, మొత్తం తాళం. కాకపోతే కిటికీలోంచి చూడాల్సిన వీధిని తలుపు సందులోంచి చూసినట్టు, కన్ను దగ్గర పెట్టి చూడాలి, కాస్త మసగ్గా ఉంటుంది.

మిగతా పిల్లలు పెంకులు తిరిగిచ్చేసి ఇంటికెళ్ళి మర్చిపోయారు. ఓరచూపు తిరిగిచ్చింది గానీ మర్చిపోలేదు.

చదువయ్యాక ఆమె డిష్ యాంటెనాలు చేసే షెడ్డులో చేరింది. రేకులు సాగదీసే యంత్రం మోత, నూనె వాసన, గోడ పొడుగునా ఒకదాని మీద ఒకటి బోర్లించిన అల్యూమినియం డిష్‌లు. వాటిని అక్కడ అందరూ పళ్ళేలనే అనేవాళ్ళు. పళ్ళెం వంపు సరిగ్గా ఉందో లేదో చూడ్డం ఆమె పని. షెడ్డు యజమానిని పెద్దాయన అనేవాళ్ళు. ఆయన జీవితమంతా పళ్ళేల వంపులోనే గడిచింది. వంపు తప్పితే దూరం నుంచే పసిగట్టి, "అమ్మాయ్, ఆ మూడోది అన్నం తినడానికి పనికొస్తుంది, ఇంక దేనికీ పనికిరాదు" అనేవాడు.

ఒక ఆదివారం అక్క ఫోను చేసింది. గొంతు మామూలుగా లేదు.

"ఈ గాలికాలం కూడా పళ్ళెం తిరిగిపోయిందే చెల్లీ. కప్పు మీదకెక్కి తిప్పుతాం, గంటలో గాలి మళ్ళీ దాన్ని తనకి నచ్చిన వైపుకి తిప్పుకుంటుంది. స్కాను బొమ్మ పట్నం డాక్టరుకి పంపుదామంటే సగంలో ఆగిపోతోంది. పెద్ద డాక్టరమ్మ వచ్చి చెప్పింది, లైను నిలవకపోతే కాన్పుల గది మూసేస్తారట. నన్ను పట్నం వేస్తారట."

"ఆవిడ అన్నదాంట్లో తప్పేముందక్కా. బిడ్డ అడ్డం తిరిగి ఉందో లేదో చెప్పేవాళ్ళు లేకుండా ఎలా?"

"తప్పని నేనన్నానా? ఇక్కడివాళ్ళు నిండు కడుపుతో ఆ కొండదారి దిగి వెళ్ళాలి. అదీ నా బాధ. దారిలో ఎన్ని పుట్టాయో నాకు తెలుసు. ఎన్ని పుట్టలేదో కూడా తెలుసు."

ఓరచూపు, "గోడకి బిగించకూడదా?" అంది.

"మా గోడ లోయ వైపు చూస్తుంది. టవరేమో ఎడం పక్కన కొండ భుజం మీదుంది. గోడకి పెట్టి అటు తిప్పితే పళ్ళెం బయటికి పొడుచుకొస్తుంది, మళ్ళీ గాలికి దొరికిపోతుంది."

"అయితే గోడకి బల్లిలా అంటుకుని ఉండాలి, పక్కకి చూడాలి."

"అచ్చం నీలాగన్నమాట" అంది అక్క.

అక్క సరదాకి అంది. కానీ ఫోను పెట్టేశాక ఓరచూపు చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. గోడకి తగిలించిన బల్లపరుపు గాజుపలక. దానిలో లోతు. లోపల తాళం, ఒక పక్కకి తిరిగిన తాళం. పలక తిన్నగానే ఉంటుంది, తాళం పక్కకి ఉంటుంది.

మర్నాడు పెద్దాయనతో చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "అమ్మాయ్, పళ్ళెమంటే గుంటగా ఉండాలి. బల్లపరుపుగా ఉంటే దాన్ని మూత అంటారు."

"మూతే చేస్తానండీ. ఆ మూలనున్న, రాగిరేకు అంటించిన ఫైబరు పలక ఇవ్వండి చాలు."

"ఇస్తాను. పనిచేయకపోతే నీళ్ళ డ్రమ్ము మీద మూతేస్తాను, ముందే చెబుతున్నాను."

తర్వాత ఆమె చేసిన పని వినడానికి కష్టంగా ఉంటుంది గానీ అర్థం చేసుకోవడం అంత కష్టం కాదు. బట్టలు నానబెట్టే తొట్టిలో రెండు పక్కల రెండు రాళ్ళు వేస్తే రెండు అలల గుంపులు పుట్టి ఎదురెదురుగా వస్తాయి. కొన్ని చోట్ల అల మీద అల ఎక్కి పొంగుతుంది, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి చంపుకుని నీళ్ళు చదునుగా ఉంటాయి. అలాగే, పలక ముందు పెట్టే చిన్న ఇత్తడి గరాటు నుంచి ఒక అల వస్తుందనుకుంది. టవరున్న వైపు పోవలసిన అల ఇంకొకటి అనుకుంది. ఆ రెండూ పలక మీద కలిస్తే ఎక్కడ పొంగుతాయో, ఎక్కడ చదునవుతాయో లెక్క వేసింది. పొంగిన చోట రాగి ఉంచింది, చదునైన చోట మందు తొట్టిలో ముంచి కరిగించేసింది. పలక మీద మిగిలినవి వంపు తిరిగిన రాగి గీతలు, ఎవరో రాక్షసుడు బొటనవేలి ముద్ర వేసినట్టు. ఇప్పుడు గరాటు ఒక్కటీ తన అల పంపితే చాలు, ఆ గీతలు రెండో అలని వాటంతట అవే పుట్టించి టవరు వైపు తోలుతాయి.

పలకని చూడ్డానికి షెడ్డుకి వచ్చిన బావకి ఇదంతా చెబితే ఆయన నమ్మలేదు. "లేని అలని రేకెలా పుట్టిస్తుందే?"

"బావా, నువ్వూ అక్కా వంటింట్లో పోట్లాడుకుంటారు కదా."

"ఎవరు చెప్పారు? మేం మాట్లాడుకుంటాం."

"వీధి వీధంతా వింటుందిలే. ఇప్పుడు నువ్వు ఊళ్ళో లేవనుకో. అక్క ఒక్కతే నిలబడి తన వంతు మాటలన్నీ వరసగా అంటే, విన్నవాళ్ళకి నీ జవాబులు వినిపించవా?"

బావ ఆలోచించాడు. "వినిపిస్తాయి. ఎక్కడ నసిగానో కూడా తెలుస్తుంది."

"అదే పలక. గరాటు అక్క, టవరు వైపు పోయేది నీ మాట. మీ తగువు ఈ రాగిలో అచ్చు పడింది."

"అయితే ఇది చాలా ఏళ్ళు మన్నుతుంది" అన్నాడు బావ, పలకని గౌరవంగా నిమురుతూ.

షెడ్డు వెనకాల ఖాళీ స్థలంలో పరీక్ష చేశారు. పలక చెప్పినట్టే విన్నది, మొహం తిన్నగా పెట్టుకుని పక్కకి పంపింది. పెద్దాయన నీళ్ళ డ్రమ్ముకి వేరే మూత కొనుక్కున్నాడు, అందరూ గమనించారు.

పెద్ద డాక్టరమ్మ చూడ్డానికి వచ్చే రోజు ఖాయమైంది. గాలి బాగా వీచే కాలంలోనే వస్తానంది, న్యాయమే. పలకని బావ ముందుగా తీసుకెళ్తాడు, ఓరచూపు ఆ రోజు పొద్దున బస్సులో వచ్చి బిగిస్తుంది, అదీ ఏర్పాటు. అన్నీ కొలుచుకుని చేసిన పలక. కిటికీకీ గోడ చివరకీ మధ్య జాగా ఎంతో అక్క టేపు పెట్టి కొలిచి ఫోనులో చెప్పింది. పలక దానికి సరిగ్గా తయారైంది.

అక్క కొలత తప్పు చెప్పలేదు. కానీ కొలత చెప్పిన తర్వాత, వాన నీళ్ళు గోడ మీదకి కారుతున్నాయని బావ అదే గోడ చివర ఒక గొట్టం బిగించాడు. చాలా చక్కగా, తిన్నగా బిగించాడు.

పొద్దున ఓరచూపు బస్సు దిగి వాలెక్కి వచ్చేసరికి బావ గోడ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, బొమ్మ గీసి చూపించే పిల్లాడిలా. పలక బిగించి ఉంది. కిటికీకీ గొట్టానికీ మధ్య తలుపు చెక్కలా ఇమిడిపోయింది. దాని ముందు గరాటు, సరిగ్గా నడిమిన, దాన్ని పట్టి ఉంచే తిన్నని చేతి మీద.

"నువ్వొచ్చి తంటాలు పడతావని నేనే కానిచ్చేశాను" అన్నాడు.

ఆమె ఎడమ కన్ను పలకని చూసింది. కుడి కన్ను నేల మీద, గోడ వారగా మిగిలిపోయిన కాస్త రాగి పొట్టుని చూసింది.

"బావా. దీన్ని కోశావా?"

"గొట్టం అడ్డొచ్చింది కదా మరి. గొట్టం వైపు ఒక అరచేతి వెడల్పు, కిటికీ రెక్క తెరుచుకోవాలని ఇటు ఒక వేలెడు. అంచులు కూడా నున్నగా చెక్కాను, చెయ్యి పెట్టి చూడు."

ఆమె చెయ్యి పెట్టలేదు. ఆమె నోరు మూసుకుందంటే భయపడాలని తెలిసిన బావ మెల్లగా నిచ్చెన వైపు జరిగాడు. లోపల్నించి అక్క వచ్చి సంగతి తెలుసుకుంది. ఆ తర్వాత వాలు కింద మేకలు కూడా తలెత్తి చూశాయి.

"కొలిచి చేసిన వస్తువుని కోస్తావా? నీకు దొరికితే ఆకాశాన్ని కూడా కిటికీకి సరిపడా కోస్తావు. మా చెల్లెలు ఎంత కష్టపడిందో..."

"గొట్టాన్ని కోయమంటావా? వాన నీళ్ళు నీ కాన్పుల గదిలోకి వస్తాయి."

"గొట్టాన్నే కోయాల్సింది."

"ముందు చెప్పుంటే అదే కోసేవాణ్ణి" అన్నాడు బావ, నీళ్ళు నములుతూ.

ఓరచూపు సంచీలోంచి మీటరు తీసి గరాటు వెనక తగిలించింది. టవరు దొరికితే అది కూతపెట్టాలి. కూత లేదు. చెవి దగ్గర పెట్టుకుంది. గాలి తప్ప ఏమీ లేదు. కప్పు మీద పాత పళ్ళెం స్తంభం ఊగుతూ కిర్రుమంటోంది. పళ్ళేన్ని ముందే విప్పేసి కింద పెట్టారు, మళ్ళీ ఎక్కించేంత సమయం లేదు. వాలు కింద మలుపులో డాక్టరమ్మ జీపు కనిపిస్తోంది.

వరండాలో బల్ల మీద దర్జీ ఆవిడ ఒకామె కూర్చుని ఉంది, నెలలు నిండినామె. ఆమె స్కాను బొమ్మే ఈ రోజు పట్నం పోవాలి. ఊరికే కూర్చోలేక అక్క గౌనుకి ఊడిన గుండీ కుడుతోంది. తలెత్తకుండా, "ఈ గది ఉంటుందా అమ్మా?" అంది.

ఎవరిని అడిగిందో తెలీదు. ఓరచూపు, "ఉంటుంది" అంది. అన్నాక, అన్న మాట తనదేనని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

ఎందుకలా అందో తెలుసుకోవడానికి ఆమె పలక ఎదురుగా నిలబడి ఒక కన్ను మూసింది. చిన్నప్పటి అలవాటు. తాళంకప్ప గుర్తొచ్చింది. పగిలిన పెంకులో కూడా మొత్తం తాళం ఉంది. ఈ పలకా అలాంటిదే. దాన్లో ఏ మూల గీతలైనా ఆ టవరు వైపే తోలుతాయి. అరచేతి వెడల్పు పోతే కిరణం కాస్త బలహీనపడాలి, కాస్త లావెక్కాలి. అంతేగానీ చచ్చిపోకూడదు. కోసినందుకు నీరసపడాలి, మూగబోకూడదు. అంటే తప్పు కోతలో లేదు. కోతని తిట్టుకుంటూ అందరూ వేరేదేదో వదిలేశారు.

ఈసారి రెండో కన్ను మూసి చూసింది. పలక, గరాటు, చెయ్యి. ఎంత చక్కగా ఉన్నాయి. అద్దం ముందు నిలబడి పాపిట తీసినట్టున్నాయి.

"బావా, ఇది ఇంత అందంగా ఎలా ఉంది?"

బావ నిచ్చెన చాటు నుంచి జంకుతూ, "ఏం, అందంగా ఉంటే తప్పా?" అన్నాడు.

"గరాటు చెయ్యి నేను వంకరగా కదా పంపాను. ఒక పక్కకి ఒదిగి."

"అదా? దారిలో వంగిపోయిందనుకున్నాను. సుత్తితో తిన్నగా కొట్టి నడిమికి జరిపాను. లేకపోతే చూసినవాళ్ళు నవ్వుతారు, వడ్రంగి బిగించాడా తాగుబోతు బిగించాడా అని."

ఆమె నవ్వింది. బావకి ఆ నవ్వు మౌనం కంటే ఎక్కువ భయం వేసింది.

"అక్క ఎక్కడ నిలబడి పోట్లాడితే ఆ అచ్చు పడిందో, మళ్ళీ అక్కడే నిలబడి అనాలి బావా. అక్కని తీసుకెళ్ళి వరండాలో నిలబెట్టావు. ఇప్పుడు నీ మాటలు ఇంకెవరింటికో పోతున్నాయి. దాన్ని మళ్ళీ వంకర చెయ్యి. త్వరగా."

"ఎంత వంకర?"

అక్కడే చిక్కొచ్చింది. గరాటు ఎక్కడుండాలో ఆమెకి పలక అంచు నుంచి కొలత తెలుసు. ఏ అంచు నుంచి అయితేనేం, రెండు అంచులూ బావ నున్నగా చెక్కేశాడు.

"కోసిన ముక్కలేవి?"

"సన్నది విరిగిపోతే పారేశాను. వెడల్పుది..." బావ అక్క వైపు చూశాడు.

అక్క మొట్టమొదటిసారిగా గొంతు తగ్గించింది. "డాక్టరమ్మకి భోజనం చేయాలి కదా. కత్తిపీట వదులైంది. పలక బాగుందని దాన్ని తిరగేసి ఉల్లిపాయలు..."

ఓరచూపు ఆస్పత్రి వెనకున్న అక్క వంటింట్లోకి పరిగెత్తింది. రాగి వైపు కిందకి, ఫైబరు వైపు పైకి పెట్టిన ముక్క మీద సగం తరిగిన ఉల్లిపాయలు గుట్టగా ఉన్నాయి. వాటిని గిన్నెలోకి తోసి ముక్క తెచ్చి పలక పక్కన, గొట్టానికి ఆనించి పెట్టింది. చిరిగిన ఫొటో ముక్కలు అతికించినట్టు రాగి గీతలు ఒకదానికొకటి అందాయి. ఒకటి రెండు గీతలు అందకపోతే రంపం తిన్న మందం ఎంతో చెప్పమని బావని అడిగి, అంత ఎడం ఉంచింది. బావ తన రంపం మందం తడుముకోకుండా చెప్పాడు, దాంట్లో ఆయన్ని మించినవాళ్ళు లేరు. ముక్క బయటి అంచు నుంచి ఆమె టేపు లాగింది. ఉల్లి ఘాటుకి ఇద్దరి కళ్ళూ కారుతున్నాయి.

"ఇక్కడ. చెయ్యి వంచు. ఇంకాస్త. ఇంకా వంచు బావా, సిగ్గుపడకు."

"ఇది పని కాదే, పాపం" అని గొణుగుతూ బావ వంచాడు. జీవితంలో తిన్నగా ఉన్నదాన్ని కావాలని వంకర చేయడం ఆయనకి అదే మొదలు. కళ్ళు మూసుకుని చేశాడు.

మీటరు కూసింది. ముందు తడబడుతూ, తర్వాత ఆగకుండా. పెద్దగా ఏం కాదు. షెడ్డు వెనకాల కూసినంత గట్టిగా లేదు, కాస్త జలుబు చేసిన గొంతులా ఉంది. కానీ నిలబడింది. గాలి ఒక ఊపు ఊపింది. గొట్టం కదిలింది, కిటికీ రెక్క కొట్టుకుంది. కూత మాత్రం ఆగలేదు.

డాక్టరమ్మ జీపు దిగి చీర సర్దుకుంటూ పలకని చూసింది. మనిషి తక్కువ మాటలది. "ఇదేనా? ఇది లోయకేసి చూస్తోందేమిటి, టవరు అటుంటే?"

బావ ముందుకొచ్చాడు. కాసేపటి క్రితం నిచ్చెన చాటున నక్కిన మనిషి ఈయనేనా అనిపించింది. "మా మరదలు గీసిందండీ. చూపు ఇటు, చూసేది అటు. వంకరగా ఉంటేనే దానికి సరిగ్గా కనబడుతుంది. తిన్నగా చేస్తే గుడ్డిది."

"మీకు దీని గురించి తెలుసా?"

"బాగా తెలుసండి" అన్నాడు బావ, చాలా నిజాయితీగా.

దర్జీ ఆవిడని పడుకోబెట్టారు. స్కాను బొమ్మ వెళ్ళింది. తెర మీద గీత ఒకటి ఎడమ నుంచి కుడికి నిండుతుంటే గదిలో అందరూ దాని కొసనే చూస్తున్నారు. బయట గాలి ఈల వేస్తోంది. అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుంది. ఎన్నో చేతులు పట్టుకుని ధైర్యం చెప్పిన చెయ్యి, ఈ రోజు అదే చల్లగా ఉంది. గీత నిండింది. కొంతసేపటికి పట్నం డాక్టరు గొంతు వినిపించింది, పక్క గదిలోంచి మాట్లాడినంత దగ్గరగా. "బొమ్మ స్పష్టంగా ఉంది. తల కిందికే ఉంది. కంగారేం లేదు, అక్కడే కానివ్వండి."

అక్కడే కానివ్వండి అన్న మాట విని దర్జీ ఆవిడ మళ్ళీ సూది తీసుకుంది, గుండీ పూర్తి కాలేదని.

డాక్టరమ్మ మళ్ళీ గోడ దగ్గరికెళ్ళి, గాలిలో చీర కొంగు పట్టుకుని, చాలాసేపు నిలబడింది. కూత వింది. తర్వాత అక్కతో, "ఈ గది తలుపు మూయక్కర్లేదు. నువ్వూ పట్నం రానక్కర్లేదు" అంది. ఓరచూపు వైపు తిరిగి, "ఇలాంటి గోడలు నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయమ్మా. ఒక్కొక్కటీ ఒక్కో వైపు చూస్తుంది" అంది.

"ఏ గోడకి తగ్గ గీతలు దానికి గీస్తానండీ. గొట్టాలన్నీ బిగించాక మాత్రం కొలత పంపమనండి" అంది ఓరచూపు.

భోజనాల దగ్గర అక్క అందరికంటే ముందు చెల్లెలికి వడ్డించింది. "చిన్నప్పుడు దీన్ని వీధిలో పిల్లలు ఏడిపిస్తే, నేను వాళ్ళని కొట్టి వచ్చేదాన్ని" అంది డాక్టరమ్మతో. "ఇప్పుడు చూడండి, గోడలకి కూడా మెల్ల నేర్పుతోంది." అక్క గొంతు పెద్దది కదా, ఆ గర్వం కూడా వాలు కిందిదాకా వినపడి ఉంటుంది. ఓరచూపు తల వంచుకుని తింది. కూరలో ఉల్లిపాయ ఘాటు మిగిలిందని చెప్పి కళ్ళు తుడుచుకుంది.

దర్జీ ఆవిడకి ఆ గదిలోనే ఆడపిల్ల పుట్టింది. షెడ్డులో ఇప్పుడు పళ్ళేల వరస పక్కన బల్లపరుపు పలకల వరస ఒకటి ఉంది. పెద్దాయన వచ్చినవాళ్ళకి వాటిని చూపిస్తూ, "ఇవి మా అమ్మాయి మూతలు. నేనే ప్రోత్సహించాను" అంటాడు. ఆ మాటకి షెడ్డంతా ఒక్కసారి దగ్గుతుంది. పలకలకి కాగితాల మీద పెద్ద పేరేదో ఉంది గానీ, అందరూ పిలిచేది ఓరచూపు పలకలనే. బావ ఒక్కొక్కదానికీ చెక్క చట్రం చేస్తాడు. గరాటు చెయ్యి జోలికి మాత్రం వెళ్ళడు, చూసినప్పుడల్లా చెయ్యి దురద పెడుతుంది గనక జేబులో పెట్టుకుంటాడు.

కొండ మీది ఆస్పత్రి గోడ మీద మొదటి పలక ఇంకా ఉంది. అప్పుడప్పుడూ చదువుకునే పిల్లలు దాన్ని చూడ్డానికి వస్తారు. గరాటు పక్కకి ఎందుకుందో సులభంగానే తెలుసుకుంటారు. కానీ పలక అంచుల దగ్గర గీతలు తెగిపోయినట్టున్నాయేమిటని అడుగుతారు. ఎవరో ఒకరు వాళ్ళకి ఈ కథంతా చెబుతారు, కాస్త చేర్చే చెబుతారు. దాంతో వాళ్ళు తిన్నగా ఓరచూపు ఇంటికి వెళ్ళి, రంపం సంగతి నిజమేనా అని అడుగుతారు.

మొన్న కూడా ఇద్దరు వెళ్ళారు. ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చుని, ఒక అరచేతి వెడల్పున్న పొడుగాటి పలక మీద ఉల్లిపాయలు తరుగుతోంది. పలక అడుగున రాగి గీతలు మెరుస్తున్నాయి. బావ గుమ్మంలో కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు. పిల్లలు అడిగిందంతా ఆవిడ ఓపిగ్గా వింది.

"రంపమా? ఎవరు చెప్పారు మీకు? ఆ పలక అంత వెడల్పే గీశాను, అంతే చేశాను. ఎవరూ కోయలేదు. ఎవరూ జరపలేదు. ఆ రోజు మా బావ ఆ చుట్టుపక్కల లేనే లేడు, మా అక్క కేక వేయనూ లేదు. వేసుంటే మీకు ఇంకా వినిపిస్తూనే ఉండేది. ఇది మామూలు చెక్క, సంతలో కొన్నాను. ఈ ఊళ్ళో వాళ్ళకి పని లేదు బాబూ, గోరంత లేనిదాన్ని కొండంత చేస్తారు."

ఆవిడ కత్తి పక్కన పెట్టి, పిల్లలకేసి చూస్తూ, పిల్లలు మాత్రం తమ వెనకున్న కిటికీనే చూస్తోందనుకునేలా చూస్తూ, చివరి మాట కూడా చెప్పేసింది.

"అసలు నాకు మెల్లే లేదు."